హార్మోన్ బ్లాకర్ మందులు వాడతా ఉంటే సైడ్ ఎఫెక్ట్స్‌ని ఎట్లా చూసుకోవాల: తిరుపతి, చిత్తూరు వాళ్ళకి

రొమ్ము క్యాన్సర్‌కి ఆపరేషన్, కీమో, కరెంటు అన్నీ అయిపోయాక డాక్టర్ ఒక చిన్న హార్మోన్ బ్లాకర్ మాత్ర (క్యాన్సర్‌ని పెంచే హార్మోన్‌ని అడ్డుకునేది) రాసి 5 ఏళ్ళు వేసుకోవాల అంటారు, ఇంట్లో అందరూ హమ్మయ్య గండం గడిచింది అనుకుంటారు, ఇంక ఆ మాత్ర గురించి ఎవరూ అడగరు. మూడు నాలుగు నెలలకి మోకాళ్ళు పట్టేస్తాయి, రాత్రిళ్ళు చెమటలు, నిద్ర లేదు, ఊరికే ఏడుపొస్తా ఉంటాది. చానామంది ఆడవాళ్ళు ఎవరికీ చెప్పకుండా మాత్ర ఆపేస్తారు. ప్రోస్టేట్ క్యాన్సర్‌కి ఇంజెక్షన్ వేయించుకునే మగవాళ్ళయితే అసలు నోరే విప్పరు.

నేను చెప్పాలనుకునేది ఒక్కటే. ఈ మందు మీ అంతట మీరు ఆపొద్దు, అట్లని బాధ మింగుకోని కూడా కూర్చోవద్దు. ప్రతి ఇబ్బందికీ ఏదో ఒక దారి ఉంది, కాకపోతే అది డాక్టర్ చెవిన పడాల. ఎట్లా పడేయాలో వరసగా రాస్తా ఉండాను.

ముందు మీ మందు పేరు తెలుసుకోండి

హార్మోన్ మాత్ర అంటే సరిపోదు, ఒక్కో మందుకి ఒక్కో రకం ఇబ్బంది. టామోక్సిఫెన్ (మామూలుగా 20 ఎంజీ) అయితే వేడి ఆవిర్లు, తెల్లబట్ట, పీరియడ్స్ అటూ ఇటూ అవడం, అరుదుగా కాళ్ళలో రక్తం గడ్డ కట్టడం, పీరియడ్స్ ఆగిపోయిన వాళ్ళలో గర్భసంచి లోపలి పొరకి క్యాన్సర్ రిస్క్ కొంచెం పెరగడం. లెట్రోజోల్ 2.5, అనాస్ట్రోజోల్ 1 ఎంజీ, ఎక్సిమెస్టేన్ 25, ఈ మూడూ ఒక జాతి, వీటితో కీళ్ళ నొప్పులు, ఎముకలు గుల్లబారడం, కొలెస్ట్రాల్ పెరగడం, కింద ఎండిపోవడం. పీరియడ్స్ ఆగని చిన్న వయసు వాళ్ళకి వీటితో పాటు అండాశయాలు పనిచేయకుండా గోసెరెలిన్ గానీ ల్యూప్రోలైడ్ గానీ ఇంజెక్షన్ ఇస్తారు. ప్రోస్టేట్‌కి ల్యూప్రోలైడ్, ట్రిప్టోరెలిన్, డెగరెలిక్స్ ఇంజెక్షన్లు, బైకాలుటమైడ్, అబిరాటెరోన్, ఎంజాలుటమైడ్ మాత్రలు.

పేరు యాడుంటాది అంటే షీట్ వెనక, కంపెనీ పెట్టిన పెద్ద పేరు కింద చిన్న అక్షరాల్లో. మనోళ్ళు ఏం చేస్తారంటే పేరు, ఎక్స్‌పైరీ డేట్ ఉన్న వైపు నుంచే మాత్ర చించుకుంటా వస్తారు, రెండ్రోజులకి చేతిలో మిగిలేది ఏ పేరూ లేని రేకు ముక్క. అవతలి కొస నుంచి వాడండి. లేదంటే షీట్ తెచ్చిన రోజే ఫోన్‌లో రెండు వైపులా ఫోటో తీసి పెట్టుకోండి. మెడికల్ షాపులో వేరే కంపెనీది ఇస్తే భయపడాల్సిన పని లేదు, లోపలి మందు పేరూ ఎంజీ అదేనా అని మాత్రం చూసుకోవాల.

మొదట్లోనే చేయించుకోవాల్సిన టెస్టులు

మందు మొదలయ్యే ముందు మీ ఒళ్ళు ఎట్లా ఉండిందో కాగితం మీద ఉంటేనే తర్వాత మందు వల్ల ఏం మారిందో తెలిసేది. లెట్రోజోల్ జాతి వాళ్ళూ ప్రోస్టేట్ ఇంజెక్షన్ వాళ్ళూ డెక్సా స్కాన్ చేయించుకోవాల, అది ఎముకల గట్టితనం చూసే స్కాన్, నొప్పి ఏమీ ఉండదు, బల్ల మీద కాసేపు పడుకోవడమే. రిపోర్ట్‌లో టి స్కోర్ అని ఉంటాది, మైనస్ 1 దాకా పర్లేదు, మైనస్ 1 నుంచి మైనస్ 2.5 మధ్య అయితే ఎముక పల్చబడతా ఉందని, మైనస్ 2.5 గానీ అంతకంటే కిందికి గానీ పోతే బోలు ఎముకల జబ్బు. మళ్ళీ ఏడాదికో రెండేళ్ళకో చేయించాల. దాంతో పాటు విటమిన్ డి, షుగర్, కొలెస్ట్రాల్, లివర్ టెస్ట్, బీపీ. అబిరాటెరోన్ వాడే పెద్దాయనలకి బీపీ, పొటాషియం, లివర్ టెస్టులు మొదటి నెలల్లో మాటిమాటికీ చూడాల, డాక్టర్ రాసిన తేదీ దాటనీయొద్దు.

మందు మొదలుపెట్టి ఏడాది అయిపోయింది, ఇవేవీ చేయలేదు అంటారా, ఇప్పుడు చేయించండి. ఆలస్యమైంది కదా అని వదిలేయొద్దు.

ఒక నోటుబుక్కు పెట్టండి

ఓపీలో డాక్టర్ మీతో మాట్లాడేది కొన్ని నిమిషాలే, బయట వంద మంది కూర్చోనుంటారు. ఎట్లుంది అని అడిగితే బాగుంది సార్ అనేసి బయటికొచ్చి, అయ్యో మోకాళ్ళ గురించి చెప్పలేదే అనుకుంటాం. అందుకే రాసుకోండి. రాయడం రాకపోతే ఇంట్లో పిల్లల చేత రాయించండి, అదీ కుదరకపోతే ఫోన్‌లో మాట రికార్డ్ చేసుకోండి. నొప్పిగా ఉంది అని మాత్రం రాయొద్దు, అది ఎవరికీ ఉపయోగపడదు. ఇట్లా రాయాల: "పొద్దున 6కి లేస్తే 7 దాకా వేళ్ళు ముడుచుకోలేదు. 10కి 6 నొప్పి. కుడి బొటనవేలు మడిస్తే టక్కుమని ఇరుక్కుంటా ఉంది. రాత్రి నాలుగు సార్లు చెమట పట్టి లేచినా." ఎప్పుడు మొదలైంది, మందు వేసుకున్న ఎన్ని నెలలకి, ఏ పని ఆగిపోయింది, ఈ మూడూ ఉంటే డాక్టర్‌కి సగం పని అయిపోయినట్టే.

మా పెద్దత్తకి లెట్రోజోల్ మొదలైన కొన్నాళ్ళకి సంగటి కెలకడం చేతకాలేదు. తెడ్డు గట్టిగా పట్టుకుంటే వేళ్ళు తిరిగి విచ్చుకునేవి కాదు, ఎడం చేత్తో ఒక్కో వేలూ లాగి విప్పుకునేది. మాకెవ్వరికీ చెప్పలా, వయసు మీద పడింది అనుకుందంట. ఆ సంగటి మాటే పుస్తకంలో రాసి తీసుకోనిపోతే డాక్టర్ చూడగానే ఇది మాత్ర వల్లేనమ్మా అన్నారు. పని పేరు పెట్టి చెప్తే అంత తేడా ఉంటాది.

కీళ్ళ నొప్పులు

లెట్రోజోల్, అనాస్ట్రోజోల్ వాడే వాళ్ళలో ఎక్కువమంది మాత్ర మానేసేది దీనివల్లే, అందుకే దీని గురించి ఎక్కువ రాస్తా ఉండాను. ఒంట్లో ఈస్ట్రోజెన్ (ఆడ హార్మోన్) బాగా తగ్గిపోవడం వల్ల వచ్చే నొప్పి ఇది. కాసేపు కూర్చోని లేస్తే పట్టేస్తాది, నాలుగడుగులు వేస్తే కొంచెం సాగుతాది. నొప్పిగా ఉంది కదా అని కదలకుండా కూర్చుంటే ఇంకా బిగుసుకుంటాది. వారానికి 150 నిమిషాల నడక, దాంతో పాటు రెండు సార్లు కొంచెం బరువులతో వ్యాయామం చేసినవాళ్ళకి నొప్పి తగ్గిందని స్టడీల్లో తేలింది, అంటే రోజుకి ఇరవై పాతిక నిమిషాలు, అంతే. బరువులకి జిమ్ అక్కర్లేదు, లీటర్ నీళ్ళ బాటిళ్ళు రెండు చాలు. మన ఎండలకి పొద్దున ఏడు లోపలే నడిచేయండి. పొద్దున వేళ్ళు బిగుసుకుంటే గోరువెచ్చని నీళ్ళలో పది నిమిషాలు పెట్టి మెల్లగా మూస్తా తెరుస్తా ఉండండి.

ఇంకో మాట. క్యాన్సర్ తగ్గితే కొండకి నడిచి వస్తానని మొక్కుకున్నవాళ్ళు చానామంది ఉంటారు మన దగ్గర. అలిపిరి మెట్లు 3,550, శ్రీవారి మెట్టు 2,388. మోకాళ్ళు పట్టేస్తా ఉన్నప్పుడు ఆ మొక్కు ఇప్పుడే తీర్చాలని పట్టు పట్టొద్దు, ఎముకలు పల్చబడ్డాయని డెక్సాలో వచ్చిన వాళ్ళయితే డాక్టర్‌ని అడక్కుండా అసలు ఎక్కొద్దు, మెట్ల మీద పడితే తుంటి ఎముక విరగడానికి ఎంతోసేపు పట్టదు. బస్సులో పోయి దర్శనం చేసుకోండి, నొప్పి అదుపులోకి వచ్చాక మొక్కు చూసుకోవచ్చు, స్వామి యాడికీ పోడు.

నొప్పికి పారాసిటమాల్ డాక్టర్ చెప్పిన లెక్కలో వాడొచ్చు. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటివి షాపులో అడిగి తెచ్చుకోని నెలల తరబడి మింగొద్దు, కడుపులో పుండ్లు పడతాయి, షుగరూ బీపీ ఉన్నవాళ్ళకి కిడ్నీలు పోతాయి. వీటికి లొంగకపోతే డాక్టర్ దగ్గర ఇంకా దారులుండాయి: రెండు మూడు వారాలు మాత్ర ఆపి చూసి అదే జాతిలో వేరే మందుకి మార్చడం (ఒకటి పడనివాళ్ళకి ఇంకోటి పడొచ్చు), నొప్పికి డులోక్సెటిన్ అనే మందు ఇవ్వడం, టామోక్సిఫెన్‌కి మార్చడం. ఆపి చూసేది కూడా డాక్టర్ చెప్తేనే.

వేడి ఆవిర్లు, చెమటలు

ఉన్నట్టుండి ఛాతీ నుంచి మొహం దాకా మంట ఎక్కి, చెమటలు కారి, తర్వాత వణుకు పుట్టిస్తాది. టామోక్సిఫెన్‌కీ ప్రోస్టేట్ ఇంజెక్షన్లకీ ఇది ఎక్కువ. ఏం తిన్నాక, ఏ టైంకి వస్తా ఉందో పుస్తకంలో రాస్తే కారణం దొరుకుతాది. మన కారం సంగతి తెలిసిందే, ఊరిమిండి, పచ్చిమిరపకాయ చట్నీ రాత్రిపూట ఒక వారం మానేసి చూడండి, కాఫీ కూడా సాయంత్రం తర్వాత వద్దు, సారా, బీరు లాంటివి తాగే వాళ్ళు అవి మానాల. కాటన్ బట్టలు, పక్కన తడిగుడ్డ, పడకకి దగ్గర్లో ఫ్యాన్.

అప్పటికీ తగ్గకపోతే వెన్లాఫాక్సిన్, గాబాపెంటిన్, ఆక్సిబ్యుటినిన్ లాంటి మందులు డాక్టర్లు రాస్తారు. వెన్లాఫాక్సిన్ పేరు నెట్‌లో కొడితే డిప్రెషన్ మాత్ర అని వస్తాది, నాకేమన్నా పిచ్చా అని కోపం తెచ్చుకోవద్దు, ఆవిర్లకి కూడా అది పనిచేస్తాది. ఇక్కడ ఒక ముఖ్యమైన జాగ్రత్త: టామోక్సిఫెన్ వాడేవాళ్ళు పారోక్సెటిన్, ఫ్లూయోక్సెటిన్, బుప్రోపియాన్ వాడకూడదు, అవి లివర్‌లో టామోక్సిఫెన్‌ని పని చేసే రూపంలోకి మారనీయవు. వేరే డాక్టర్ నిద్రకో దిగులుకో రాసిచ్చి ఉంటే క్యాన్సర్ డాక్టర్‌కి ఆ చీటీ చూపించండి, కానీ వాటిని కూడా ఠక్కున ఆపొద్దు.

ఎముకలు

ఎముక పల్చబడేటప్పుడు నొప్పి ఉండదు, విరిగాకే తెలుస్తాది. రోజుకి కాల్షియం 1,000 నుంచి 1,200 ఎంజీ దాకా కావాల, తిండితో కలిపి. ఈ విషయంలో మన జిల్లా వాళ్ళం అదృష్టవంతులం, 100 గ్రాముల రాగుల్లో 340 ఎంజీకి పైనే కాల్షియం ఉంటాది, సంగటి ఒక పూట, రాగిజావ ఒక గ్లాసు, ఒక కప్పు పెరుగు, నువ్వుల పొడి, ఇవి ఉంటే మాత్రల అవసరం బాగా తగ్గుతాది. కాల్షియం మాత్ర ఎంత వేసుకోవాలో తిండి చెప్పి అడగండి, ఎక్కువైతే కిడ్నీలో రాళ్ళు. విటమిన్ డి తక్కువుంటే డాక్టర్ వారానికోసారి వేసుకునేది ఇస్తారు, అది రోజూ వేసుకునేది కాదు, చీటీ సరిగ్గా చదవండి.

టి స్కోర్ బాగా పడిపోతే 6 నెలలకి ఒకసారి జోలెడ్రోనిక్ యాసిడ్ సెలైన్‌లో ఎక్కిస్తారు, లేదంటే డెనోసుమాబ్ 60 ఎంజీ చర్మం కింద ఇంజెక్షన్. రెండింటికీ ముందే పళ్ళ డాక్టర్‌కి చూపించండి, పుచ్చిపళ్ళు ఉంటే అప్పుడే తీయించేయాల, ఎందుకంటే ఈ మందుల మీద ఉన్నప్పుడు పన్ను పీకిస్తే అరుదుగా దవడ ఎముక మానకుండా పోతాది. జోలెడ్రోనిక్ ఎక్కించిన మొదటిసారి రెండ్రోజులు జ్వరం, ఒళ్ళు నొప్పులు రావచ్చు, కంగారు పడొద్దు. డెనోసుమాబ్ మాత్రం తేదీ దాటనీయొద్దు, డాక్టర్‌ని అడక్కుండా మధ్యలో మానేస్తే వెన్నుపూసలు విరిగే ప్రమాదం ఉంది.

చెప్పుకోలేని ఇబ్బందులు

కింద ఎండిపోయి మంట, భార్యాభర్తల మధ్య నొప్పి, ఇష్టం లేకపోవడం. ఇది మందు వల్ల వచ్చేదే, మీలో లోపం కాదు. నీళ్ళతో చేసిన లూబ్రికెంట్, వెజైనల్ మాయిశ్చరైజర్ షాపుల్లో దొరుకుతాయి. ఈస్ట్రోజెన్ ఉన్న క్రీములు మాత్రం క్యాన్సర్ డాక్టర్‌ని అడక్కుండా వాడకూడదు. మగ డాక్టర్‌కి చెప్పలేకపోతే నర్సమ్మకి చెప్పండి, లేదంటే పుస్తకంలో ఆ పేజీ తెరిచి ఇచ్చేయండి.

పీరియడ్స్ ఆగినా సరే టామోక్సిఫెన్ మీద ఉండగా గర్భం రావచ్చు, బిడ్డకి ప్రమాదం, కాబట్టి కాండోమ్ గానీ కాపర్ టీ గానీ ఉండాల, హార్మోన్ గర్భనిరోధక మాత్రలు వద్దు. లెట్రోజోల్ మీద ఉండగా పీరియడ్స్ తిరిగొస్తే అండాశయాలు మళ్ళీ పనిచేస్తా ఉన్నాయని అర్థం, అప్పుడు మాత్ర సరిగా పనిచేయదు, వెంటనే చెప్పాల.

దిగులు, చిరాకు, ఏ పనిలోనూ మనసు నిలవకపోవడం కూడా పుస్తకంలో రాయండి. బతకాలని లేదు అనే ఆలోచన వస్తే ఆ నిమిషమే ఇంట్లో ఎవరికన్నా చెప్పండి, టెలి మానస్ (మనసు బాధలకి ప్రభుత్వం పెట్టిన ఫోన్ సాయం) 14416కి ఎప్పుడైనా చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు.

మామలకి, తాతలకి

ప్రోస్టేట్ ఇంజెక్షన్ టెస్టోస్టెరాన్‌ని (మగ హార్మోన్) బాగా కిందికి దించేస్తాది. ఆవిర్లు, పొట్ట పెరగడం, కండ తగ్గడం, నీరసం, షుగర్ ఎక్కడం, అంగం గట్టిపడకపోవడం, బైకాలుటమైడ్ అయితే రొమ్ములు నొప్పి పెట్టి ఉబ్బడం. ఆడోళ్ళకి వచ్చేవి నాకొస్తా ఉన్నాయని ఎవరికి చెప్పుకునేది అని పెద్దాయనలు కుమిలిపోతారు. ఇంట్లో కొడుకులు, అల్లుళ్ళు మీరే ముందు అడగండి, "మామా, రాత్రి చెమటలు పడతా ఉన్నాయా" అని మామూలుగా అడిగితే చెప్తారు. గుండె జబ్బు ఉన్నవాళ్ళు ఆ సంగతి ముందే డాక్టర్‌కి చెప్పాల. షుగర్, కొలెస్ట్రాల్, బీపీ మూడు నుంచి ఆరు నెలలకోసారి చూపించుకోండి. ఎంజాలుటమైడ్ వాడేవాళ్ళకి తూలి పడడం, అరుదుగా ఫిట్స్ రావచ్చు, బండి నడిపే వాళ్ళు జాగ్రత్త.

ఇవి కనిపిస్తే ఓపీ రోజు దాకా ఆగొద్దు

ఒక్క కాలే వాచి పిక్క నొప్పి పెట్టడం, ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీలో నొప్పి: రక్తం గడ్డ కావచ్చు, 108కి ఫోన్ చేయండి. టామోక్సిఫెన్ వాడేవాళ్ళు రాత్రి బస్సులో హైదరాబాద్ పోతా ఉంటే మధ్యలో దిగి నాలుగడుగులు నడవండి, నీళ్ళు తాగండి, ఏదన్నా ఆపరేషన్ ఉంటే ముందే ఈ మాత్ర సంగతి చెప్పండి. పీరియడ్స్ ఆగిపోయాక ఒక్క చుక్క బ్లీడింగ్ కనిపించినా అదే వారంలో గైనకాలజిస్ట్‌కి చూపించాల. కళ్ళు పచ్చబడడం, చూపు మసకబారడం కూడా అంతే. ప్రోస్టేట్ వాళ్ళకి నడుంనొప్పితో పాటు కాళ్ళు పట్టు తప్పినా, ఒంటేలు రాకపోయినా గంటలు కూడా ఆగొద్దు, వెన్నుపాము నొక్కుకోని ఉండొచ్చు, ఆలస్యమైతే కాళ్ళు తిరిగి రావు.

డాక్టర్‌ని ఎట్లా అడగాల

ఈ మాత్ర ఆపేస్తా సార్ అంటే వద్దంటారు, మాట అక్కడితో తెగిపోతాది. "సార్, ఈ మాత్ర నేను కొనసాగించాలనే ఉంది, కానీ ఈ నొప్పితో ఇల్లు ఊడ్చలేకుండా ఉండాను, వేరే దానికి మార్చొచ్చా, నొప్పికి ఏమన్నా ఇస్తారా" అని అడగండి. నిజంగా మధ్యలో మానేసి ఉంటే ఎన్నాళ్ళు మానేశారో దాచొద్దు, తిడతారని భయపడొద్దు. ఒకరోజు మర్చిపోతే మర్నాడు రెండు వేసుకోవద్దు, మామూలుగా ఒకటే.

వాడే ప్రతిదీ చూపించండి, ఆయుర్వేదం పొడులు, పసరు మందులు, శతావరి, నెట్‌లో తెప్పించిన సోయా మాత్రలు, అన్నీ. ఈస్ట్రోజెన్ లాగా పనిచేసేవి వాటిలో ఉండొచ్చు. వంటల్లో వాడే సోయా గింజలతో ఇబ్బంది లేదు. వార్ఫరిన్ (రక్తం గడ్డ కట్టకుండా ఇచ్చే మాత్ర) వాడేవాళ్ళకి టామోక్సిఫెన్ తగిలితే రక్తం మరీ పల్చనవతాది, ఇది తప్పకుండా చెప్పాల.

యాడికి పోవాల, ఖర్చు సంగతి

తిరుపతిలో స్విమ్స్, రుయా ఉండాయి, అలిపిరి దగ్గర టాటా ట్రస్ట్స్ వాళ్ళ క్యాన్సర్ ఆస్పత్రి 2022 మేలో మొదలయింది. చిత్తూరు వైపు వాళ్ళకి వేలూరు సీఎంసీ దగ్గర. యాడ చూపించుకున్నా ఫాలోఅప్ ఒకచోటే పెట్టుకోండి, మూడు ఆస్పత్రులు తిరిగితే ఎవరి దగ్గరా పూర్తి ఫైలు ఉండదు. ఎన్టీఆర్ వైద్య సేవలో (మనం ఇంకా ఆరోగ్యశ్రీ అనే అంటాం) మీ మందు, ఇంజెక్షన్ వస్తాయా అని ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్రని అడగండి, కార్డు, ఆధార్, డిశ్చార్జ్ సమ్మరీ జిరాక్సులు దగ్గర పెట్టుకోండి. సొంత డబ్బుతో కొనేవాళ్ళు జన్ ఔషధి షాపులో అడిగి చూడండి, రేటులో చానా తేడా ఉంటాది.

ఇంజెక్షన్ 28 రోజులకి ఒకటా, మూడు నెలలకి ఒకటా చూసి, గోడ మీద తెలుగు క్యాలెండర్‌లో ఏడాది తేదీలన్నీ ఒకేసారి గుండ్రంగా చుట్టేయండి. బ్రహ్మోత్సవాలప్పుడు తిరుపతిలో బస్సులూ రోడ్లూ ఎట్లుంటాయో తెలుసు కదా, పలమనేరు, పుంగనూరు, మదనపల్లె నుంచి వచ్చేవాళ్ళు ఆ వారంలో తేదీ పడితే ఒకటి రెండు రోజులు అటూ ఇటూ జరపొచ్చా అని ముందే అడిగి పెట్టుకోండి.

చివరగా, గట్టి సైడ్ ఎఫెక్ట్ ఏదన్నా వస్తే దాన్ని ప్రభుత్వానికి రిపోర్ట్ చేసే హక్కు పేషెంట్‌కి కూడా ఉంది. ఫార్మకోవిజిలెన్స్ ప్రోగ్రామ్ ఆఫ్ ఇండియా అని 2010 నుంచి నడస్తా ఉంది, టోల్ ఫ్రీ నంబర్ 1800 180 3024, పనిరోజుల్లో పగటిపూట ఎత్తుతారు. జనం నింపే ఫారం తెలుగులో కూడా ఉంది. ఫోన్ చేసేటప్పుడు మందు పేరు, ఎంజీ, షీట్ మీది బ్యాచ్ నంబర్, ఎప్పుడు మొదలుపెట్టారు, ఇబ్బంది ఏ తేదీన వచ్చింది అని అడుగుతారు, ఆ ఫోన్ ఫోటో, నోటుబుక్కు పక్కన పెట్టుకోని చేయండి.